దాలయ్య ఫైలులో ఒక లైను

లండన్ కంపెనీ నుంచి వచ్చిన టెలెక్స్‌లో రెండే ముక్కలున్నాయి. దాలయ్య వివరాలు బయటివారికి ఇవ్వలేం. మా దేశ చట్టం ఒప్పుకోదు.

పైడితల్లి ఆ కాగితాన్ని కంప్యూటరు పక్కన పెట్టుకుంది. దాలయ్య ఆమె మేనబావ. ముహూర్తం పెట్టుకున్నాక, పెళ్ళికి నాలుగు నెలల ముందు ఆ కంపెనీ ఓడెక్కాడు. రెండేళ్ళుగా ఉత్తరం లేదు. అతన్ని ఓడెక్కించింది విశాఖ పోర్టు ఎదురుగా, ఆమె పనిచేసే ఈ ఏజెన్సీయే. కాగితాలు టైపు చేసింది పైడితల్లే. ఒక్క తప్పు లేకుండా.

“ఏటంట?” అన్నాడు టెలెక్స్ గుమస్తా ఎల్లారావు.

“సెప్పరంట. సట్టమంట.”

“అదేటి సట్టమే పైడీ. మనమైతే టీ అట్టుకొచ్చినోడికి కూడా ఏ ఓడలో ఎవుడున్నాడో సదివి ఇనిపిత్తాం.”

నిజమే. సరిగ్గా ఆ తేడా రాయమనే మేనేజరు కామరాజు పొద్దున ఆమెకు ఇంగ్లండు చట్టం పుస్తకం ఇచ్చాడు. కంప్యూటరులోని మనుషుల వివరాలకు మీ దేశంలో ఏం కాపలా ఉందని లండన్ వాళ్ళు అడిగారట. పాలిటెక్నిక్ చదివిన పిల్ల చట్టం కూడా చదివేస్తుందని ఆయన నమ్మకం.

ఆమె కాగితం మధ్యలో గీత గీసింది. ‘అక్కడ’ వైపు నిండిపోతోంది. వివరాలు ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు. తప్పుంటే దిద్దాలి. తన ఫైలు చూపించమని అడిగే హక్కు ఆ మనిషికుంది. ‘ఇక్కడ’ వైపు ఒక్కటే రాసింది: చట్టం లేదు, అడిగితే చెబుతాం.

పైడితల్లి ఎలా ఉందని మాత్రం ఈ రెండేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఒక పేజీలో వేలు ఆగింది. “ఎల్లారావన్నా, ఇది బతికున్నోళ్ళకేనంట. సచ్చిపోయినోళ్ళకి ఈ సట్టం నేదు.”

“అయితే?”

“సట్టం ఒప్పుకోదన్నారంటే బావ బతికున్నట్టే కదా.”

“అందరికీ అదే ముక్క కొట్టీసి పంపిత్తారే. అయినా, బతికుండీ ఉత్తరం రాయనోడి కోసం ఏటి నీ సంబరం?”

“అది ఆడొచ్చినాక అడుగుతాను. నువ్వు కాసేపు లెగు.”

ఆమె టెలెక్స్ ముందు కూర్చుని లండన్‌కు కొట్టింది: నాకేమీ చెప్పొద్దు. దాలయ్య ఫైలులో ఒక లైను కలపండి. పైడితల్లి ఇదే ఏజెన్సీలో ఉంది, పెళ్ళి చేసుకోలేదు.

“ఆడు అడిగితేనే కదా ఫైలు సూపిత్తారు,” అన్నాడు ఎల్లారావు, ఈసారి మెల్లగా.

పైడితల్లి టెలెక్స్ పంపేసి, ఫైళ్ళు ఎంతకాలం ఉంచుతారో పుస్తకంలో వెతికింది. అవసరం ఉన్నంత కాలం, అని ఉంది. ఎన్నేళ్ళో రాయలేదు.