పసుపుకు ముందు ఫోను

హిందూపురం దగ్గరి ఆ ఊళ్లో కొంగ చచ్చిపోతే ఊరకే పారెయ్యరు. ఏటా చింతచెట్ల మీద గూళ్లు కట్టుకోవడానికి వచ్చే ఎర్రకాళ్ల కొంగలంటే వాళ్లకు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలే మరి! ఒక్కటి రాలినా పసుపు రాసి, కుంకుమ పెట్టి పాతాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఆ పని తిప్పమ్మది.

2006 ఎండాకాలంలో రెండు రోజుల్లో ఐదు కొంగలు రాలాయి. టీవీలో చూస్తే కోళ్లరోగం గోల. చెట్లు హనుమంతువి, పక్కనే అతని కోళ్లఫారం. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం, గొడ్డలి పట్టుకుని రానే వచ్చాడు.

"గూళ్లుండే కొమ్మలన్నీ కొట్టేస్తా. నా కోళ్లకు తగులుకుంటే నా బతుకు బుగ్గయిపోతాది."

"గూళ్లల్లో పిల్లలుండాయి కదప్పా! రోగమో కాదో తెలిసినాక కొడుదువులే" అని తిప్పమ్మ ఎస్టీడీ బూతుకు పోయి హిందూపురం పశువుల డాక్టరుకు ఫోను కొట్టింది.

డాక్టరు వచ్చి చచ్చిన పక్షులేవన్నాడు. తిప్పమ్మ గర్వంగా పాతిన చోటు చూపించింది. ఆయన తల పట్టుకున్నాడు.

"కుళ్లినవి పరీక్షకు పనికిరావవ్వా. ఈసారి పడితే తాకొద్దు, పాతొద్దు. వెంటనే ఫోను చెయ్యి."

"రేపు పొద్దుగూకేదాకా చూస్తా. అంతే" అన్నాడు హనుమంతు.

నా చేతులిరగా, అని తిప్పమ్మ తనను తానే తిట్టుకుంది.

తెల్లారి ఒకటి పడింది. ఫోను చేసొచ్చి, కుక్కలు రాకుండా కట్టె పట్టుకుని ఎండలో కూర్చుంది. పసుపు గిన్నెతో వచ్చిన పక్కింటి శారదమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఆడబిడ్డను దిక్కులేనిదాని మాదిరి పడేసినావే!"

తిప్పమ్మ పసుపు గిన్నె వైపు చూసింది. అయినా కట్టె దించలేదు.

"దీన్ని ఇప్పుడు పాతితే పైన ఉండేటివన్నీ పాతాల్సొస్తాది. పోవే!"

మధ్యాహ్నానికి డాక్టరు చేతులకు తొడుగులేసుకుని, దాన్ని మంచుపెట్టెలో పట్టుకుపోయాడు. పరీక్ష తేలేదాకా కొమ్మ ముట్టొద్దని హనుమంతుకు గట్టిగా చెప్పాడు.

పదోరోజు ఆయనే వచ్చాడు. రోగం లేదు, ఎండదెబ్బ. హనుమంతు గొడ్డలి ఇంట్లో పెట్టొచ్చాడు.

"నా బిడ్డ యాడప్పా?" అంది తిప్పమ్మ.

"పరీక్షయ్యాక అక్కడే కాల్చేస్తారవ్వా. తిరిగివ్వరు."

ఆమె కళ్లు నిండాయి. చెట్టు కింద జానెడు గుంత తీసి, ఉత్త పసుపు కుంకుమ వేసి మన్ను కప్పింది. చేతులు దులుపుకుని లేచింది.

"హనుమంతూ, డాక్టరు నంబరు నీ ఫారం గోడమీద పెద్దగా రాయి. పసుపుకు ముందు ఫోను. నేను పోయినాక గూడ."

హనుమంతు సున్నం కలిపాడు.