మార్గిట్ పక్క కుర్చీ

మా ఊరి చర్చి పాటబృందంలో మార్గిట్ పక్క కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. ఆవిడ గొంతులో ఏ లోపమూ లేదు. లోపమంతా కోటులో ఉంది. ఏళ్ల తరబడి మూసిన గది తలుపు తీసినట్టు ఒక బూజు కంపు ఆవిడకంటే ముందే లోపలికి వచ్చేది. ఎవరి ఇంటి వాసన వారి ముక్కుకు తెలియదు కదా, ఆవిడకూ తెలియలేదు. మా స్మోలాండ్ ప్రాంతం వాళ్లు కుర్చీ జరుపుకుంటారు కానీ చచ్చినా నోరు విప్పరు. దాన్నే మర్యాద అంటారు. తలుచుకుంటే నాకు ఒళ్లుమంట.

ఆ మర్యాదస్తుల్లో నేనూ ఒకణ్ణే. పైగా ఇలాంటి కంపు పోగొట్టడమే నా పని. మా చెక్క ఇళ్ల నేల కింద మోకాలెత్తు ఖాళీలో బోర్లా పాకి, తడి ఎక్కడినుంచి వస్తోందో వెతికి, పైకి రాకుండా కట్టుదిట్టం చేస్తాను. మగవాళ్ల వరుసలో ఇరవై ఏళ్లుగా నా పక్కన కూడా చోటు ఎక్కువే ఉంటోంది, భుజాలు వెడల్పు కాబట్టి వదిలారు. మార్గిట్ వాసన ఏమిటో మొదటి రోజే పసిగట్టాను. చెప్పడానికే నోరు రాలేదు.

సెప్టెంబరులో మార్గిట్ రావడం మానేసింది. గొంతు పోయిందని చీటీ పంపింది. అందరికంటే ముందు కుర్చీ జరిపిన హిల్లెవి నా దగ్గరికి వచ్చి, ఆవిడ లేకపోతే క్రిస్మస్ పాటలు తేలిపోతాయని, ఇది నీ వృత్తే కాబట్టి నువ్వే చెప్పాలని అంది. పిల్లి మెడలో గంట కట్టే పని నా నెత్తిన పడింది.

శనివారం పొద్దున వెళ్లాను. మార్గిట్ కాఫీ పోసింది, దాల్చినచెక్క బన్ను పెట్టింది. రెండో కప్పు అయిపోయినా నేను వానల గురించే మాట్లాడుతున్నాను. చివరికి ఆవిడే కదిపింది.

"నా పాట అంత రోతగా ఉంటే మొహానే చెప్పొచ్చుగా, స్వెర్కెర్. రెండేళ్లు ఎడంగా కూర్చున్నారు. నాకు కళ్లు లేవనుకున్నారా?"

ఇన్నాళ్లూ ఆవిడ ఏమనుకుంటూ పాడిందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నీ పాట కాదు, మార్గిట్. నీ ఇల్లు కంపు కొడుతోంది. అది నీ బట్టలకు పట్టింది."

ఏడుస్తుందనుకున్నాను. కోటు తెచ్చి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ తెలియలేదు.

"అయితే నేను కాదన్నమాట," అంది. "ఇల్లన్నమాట." అదే మాట మళ్లీ మళ్లీ అంటూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

నేల కిందకు దూరితే పునాది గోడ చుట్టూ గాలి కన్నాలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గాలి ఆడితే ఆరుతుందని నాన్న నేర్పాడని, ప్రతి మే నెలలో తానే తెరుస్తానని మార్గిట్ గర్వంగా చెప్పింది. మా వైపు అందరూ చేసే తప్పే. వేసవి గాలి వెచ్చగా, తేమగా లోపలికి పోతుంది. కింద చల్లన. చన్నీళ్ల గ్లాసుకు పట్టినట్టు నేలను మోసే దూలాలకు చెమట పడుతుంది. పుచ్చకుండా చెక్కకు ఎప్పుడో పూసిన మందు ఆ తడికి కంపు పుట్టిస్తుంది. పాపం, ఆరబెడుతున్నాననుకుని తడిపింది.

దూలాలు కుళ్లి ఉంటే నేలంతా పీకాల్సిందే. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కొక్కటీ పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు. గట్టిగానే ఉన్నాయని కిందనుంచే చెప్పాను. పైన మార్గిట్ కుర్చీలో కూలబడ్డ చప్పుడు వినిపించింది.

మూడు వారాలు పట్టింది. పాత చెక్కముక్కలు ఏరేసి, మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పరిచి, గోడలకు చలి ఆపే ఫోమ్ పలకలు బిగించి, కన్నాలు మూశాను. గొట్టాలు పైకి వెళ్లే సందులన్నీ పూడ్చి, తేమ లాగే యంత్రం పెట్టాను. మార్గిట్ బట్టలన్నీ ఉతికింది. కోటు మాత్రం ఎన్నాళ్లు బయట వేలాడదీసినా లొంగలేదు, పారేసి కొత్తది కొంది.

డిసెంబరు మొదట్లో సాధనకు వచ్చింది. హిల్లెవి తన కుర్చీ తెచ్చి ఆవిడ పక్కన వేసుకుని, తల వంచుకుని క్షమించమంది.

"ఇంకోసారి జరపకు. చెప్పు," అంది మార్గిట్.

తర్వాత నా వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది. "ఇన్నాళ్లూ నాకు తెలియలేదు, స్వెర్కెర్. నీ దగ్గరా అచ్చం మా ఇంటి కంపే."

మగవాళ్లంతా నేలచూపులు చూశారు. ఇరవై ఏళ్ల మర్యాద నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. పగలబడి నవ్వాను. నాతో ఎవరైనా ఒక నిజం చెప్పి ఎన్నాళ్లయిందో.