గీత ఎక్కిన ముప్పై నాలుగు డిగ్రీలు

విదేశాల నుంచి వచ్చే పశువుల మందులను తనిఖీ చేసే ఆ ఆఫీసులో, ఆవిడ ముద్ర పడందే ఒక్క సీసా కూడా గుమ్మం దాటదు. ఎనిమిది డిగ్రీలు దాటిన టీకా అయితే బతిమాలినా లాభం లేదు, నేరుగా కొలిమికే. తోటివాళ్ళు ఆవిడకు థర్మామీటరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడ్డా ఆవిడ నొచ్చుకోలేదు. చెడిన టీకా వేయడం కంటే వేయకపోవడమే నయమని ఆవిడ నమ్మకం. వేయించామన్న ధీమాలో ఉండగానే మందకు మంద తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ ఉదయం వచ్చినవి గొర్రెల టీకాలు. పెట్టెలోనే ప్రయాణించే అగ్గిపెట్టంత యంత్రం దారిపొడవునా వేడిని గీతగా గీస్తుంది. రెండు రోజులపాటు నాలుగు డిగ్రీల దగ్గర బుద్ధిగా సాగిన గీత, ఆ పొద్దున ఎనిమిది గంటలకు ముప్పై నాలుగు డిగ్రీలకు ఎగబాకి, ఇరవై నిమిషాలు అక్కడే తిష్ఠ వేసి, మళ్ళీ దిగింది.

ఎదురుగా కుర్చీ అంచున గొర్రెల డాక్టరు కూర్చున్నాడు. రిటైరైనా ఊరికే ఉండలేక, కాపరుల సంఘం తరఫున ఈ టీకాలు తెప్పించాడు. ఇవి కాల్చేస్తే మళ్ళీ రావడానికి రెండు నెలలు. వానలు వారంలో పడతాయి, వాటి వెంటే రోగమూ దిగుతుంది.

"అమ్మా, గుండెల మీద చెయ్యేసుకుని చెబుతున్నా. విమానం దిగిన దగ్గర్నుంచీ కంటికి రెప్పలా చూసుకున్నాను," అంటూ నిజంగానే చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది, గీతను చూసింది. బయట మబ్బుపట్టి చల్లగా ఉంది. ఒకవేళ ఎండే తగిలినా గీత ఇంత నిలకడగా ఉండదు.

"డాక్టరుగారూ, ఎనిమిదింటికి ఎక్కడున్నారు?"

"విమానాశ్రయంలో కౌంటరు దగ్గర. నంబరు సరిచూడాలని అక్కడివాళ్ళు యంత్రాన్ని పెట్టెలోంచి బయటికి తీశారు. ఇంత చిన్నది, ఎక్కడ పోతుందోనని..." ఆయన నాలిక్కరుచుకున్నాడు. "మళ్ళీ పెట్టెలో పెట్టేదాకా భద్రంగా జేబులో వేసుకున్నానమ్మా."

తిట్టాలో నవ్వాలో తెలియలేదు ఆవిడకు. "మీ మాట మీద ముద్ర వెయ్యలేనండి. పెట్టె అడుగున రెండో యంత్రం ఉంటుంది, అది చెప్పాలి."

మందపాటి కోటు తొడుక్కుని చల్లగదిలోకి వెళ్ళింది. బయట డాక్టరు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. అడుగు నుంచి తీసిన యంత్రం మొదటి నుంచి చివరిదాకా నాలుగే చూపించింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

ముద్ర వేసి, కింద ఇలా రాసింది: 'ముప్పై నాలుగు డిగ్రీలకు కారణం: యంత్రం డాక్టరుగారి జేబులో ఉండి, ఆయన ఒంటి వేడి తగలడం.'

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. "దీని నకలు ఒకటి ఇస్తావామ్మా?"

"ఎందుకండీ?"

"బతికే ఉన్నానని ఏటా పెన్షనాఫీసుకు కాగితం ఇవ్వాలి. ఎదురుగా వెళ్ళి నిలబడ్డా నమ్మరు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"ముందు టీకాలు బండెక్కించండి," అంటూ పడీపడీ నవ్వింది థర్మామీటరమ్మ. నకలు తీసి ఇచ్చింది. దాని మీదా ముద్ర వేసింది.