గేదె పందెం తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. చీరాల దగ్గర కామాచారిగారి తాళాల కంపెనీలో పుట్టిన మొదటి కప్పను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు కొలుములు, ఓ రేకుల షెడ్డు, ఊరికి సరిపడా గొప్పలు.

ఏటా దసరాకు ఆచారిగారు నన్ను గేటుకు వేసి, పక్కన పాడిగేదెను కట్టేవారు. "తాళంచెవి లేకుండా తీసినోడు గేదెను తోలుకుపోవచ్చు. చేసినోణ్ణి, నావల్లే కాదు!" అనేవారు. ఆ గేదె, దాని కూతురు, మనవరాలు కూడా ఆ గుంజ దగ్గరే ముసలివయ్యాయి. గురవయ్య అనే పేరుమోసిన దొంగ ఏడు దసరాలు నాతో కుస్తీపట్టి, సిగ్గుపడి, చివరికి మా కంపెనీలోనే ఆకురాయి పట్టాడు. సగం నమ్మండి చాలు.

ఆ పందెం మాట మీదే మా కప్పలు మిల్లులకూ, పొగాకు గోడౌన్లకూ ఎక్కాయి. తర్వాత సంతల్లోకి చవక కప్పలొచ్చాయి. గట్టిగా తుమ్మితే ఊడేవి. అయినా జనం వాటినే కొన్నారు, వాళ్ళు దాచుకునేది ఏపాటిదో మరి! మా కొలుములు ఆరిపోయాయి.

షెడ్డు అప్పగించే రోజున ఆచారిగారు లోపలంతా ఒకసారి తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి నన్ను నొక్కేశారు. నొక్కితే పడిపోయే రకాన్ని నేను. చెవి లోపల మేకుకే ఉండిపోయింది. షెడ్డు కొన్న మనిషి సుత్తి ఎత్తాడు.

"దెబ్బెయ్యమాకయ్యా! ఒరే గురవా, గోడ దూకి చెవి పట్రా."

"పాత విద్యేగా," అంటూ గురవయ్య గోడెక్కాడు.

"ఏంది పెద్దాయనా, నిజంగానే ఊడదా?" అని నవ్వాడు కొన్న మనిషి.

"చూడు మరి," అని ఆచారిగారు సైకిలు పుల్ల ఒకటి నాలో పెట్టి తిప్పారు.

నేను తెరుచుకున్నాను.

గురవయ్య చెవి పట్టుకుని లోపలినుంచి గేటు దగ్గరికి వచ్చేసరికి, ఆచారిగారు పుల్ల వంకే చూస్తున్నారు.

"ఏడు దసరాలు నిన్ను మోసం చేశాన్రా. గేదెను తోలుకుపో."

"నేను తియ్యలేదుగా, ఆచారిగారూ!"

"నీ చేతికి ఈ పుల్ల దొరకలేదు. అంతే."

ఇప్పుడు నేను గురవయ్య కొట్టంలో గేదె గొలుసుకు వేలాడుతున్నాను. ఆచారిగారు పాలకు వస్తారు, నావైపు చూడరు. ఆనాడు ఆ చెయ్యి ఆయనదేనని గుర్తుపట్టి, నన్ను తెరుచుకోమంటున్నారనుకున్నాను. ఒక్క నిమిషం బిగబట్టుకుని ఉంటే చెవి వచ్చేది.