నాలుగు సెకన్లు

ద్వాళి కుడిచేతి వేళ్లు రెండు పోయి నెల దాటింది. తప్పు ఆమెదేనని తండా అంతా తేల్చేసింది. కాదని తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ మానుకోటలో తన మోటార్ వైండింగ్ షాపులో నోరు కుట్టుకుని కూర్చున్నాడు.

అతని పేరు ఉపేందర్. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. తండాలో పదిమంది ఆడవాళ్లు కలిసి తమ బర్రెల కోసం గడ్డిని ముక్కలుగా కోసే మిషన్ కొనుక్కుంటే, దానికి మైక్రోకంట్రోలర్ బోర్డు బిగించి ఇచ్చాడు. నాబ్ తిప్పితే చాలు, మోటారు పచ్చిగడ్డికి నెమ్మదిగా, ఎండు చొప్పకు జోరుగా తిరుగుతుంది. మిషన్ నడవాలంటే పచ్చ బటన్, లోపలికి లాగే రోలర్లలో గడ్డి ఇరుక్కుంటే ఎర్ర బటన్ ఒత్తాలి. మోటారు అప్పటికప్పుడు వెనక్కి తిరిగి గడ్డిని బయటికి తోస్తుంది. మిషన్ దగ్గర నిలబడటానికి మిగతావాళ్లు జంకితే ద్వాళి ఒక్కతే ముందుకొచ్చింది. "బటన్ ఒత్తంగనే చేత్తోని పట్టి గుంజు అక్కా, జల్ది వస్తది" అని ఆమెకు నేర్పింది కూడా ఈ మహానుభావుడే.

ముందుకు తిరిగే మోటారును ఒక్కసారిగా వెనక్కి తిప్పితే కరెంటు విపరీతంగా లాగుతుంది. అట్లా రెండుసార్లు సర్క్యూట్ మాడిపోయింది. మూడోసారీ మాడితే ఉపేందర్ తండాకు వెళ్లి కొత్త సర్క్యూట్ వేసి, ప్రోగ్రాం మార్చాడు. ఇప్పుడు ఎర్ర బటన్ ఒత్తితే వేగం కొద్దికొద్దిగా తగ్గుతుంది, నాలుగు సెకన్లకు మోటారు ఆగుతుంది, ఆ తర్వాతే వెనక్కి తిరుగుతుంది. సర్క్యూట్‌కు ఇక ఢోకా లేదు. అతను ల్యాప్‌టాప్ మూస్తుంటే ద్వాళి చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాడు, బాగుందన్నాడు, బండెక్కి వచ్చేశాడు. మార్చిన సంగతి మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, ఈమెకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అనుకున్నాడు. ఎంత పొగరు చూడండి!

మూడో రోజే గడ్డి ఇరుక్కుంది. ద్వాళి నేర్పినట్టే చేసింది. బటన్ ఒత్తి గడ్డిని పట్టుకుంది. రోలర్లు ఇంకా లోపలికే లాగుతున్నాయి.

ఉపేందర్ దవాఖానకు అరటిపండ్లు పట్టుకెళ్లాడు. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే తన మిషన్లు ఇంకెవరు కొంటారని భయపడ్డాడు. పండ్లు అక్కడ పెట్టి వచ్చేశాడు. అప్పటినుంచి అన్నం ముందు కూర్చుంటే తన వేళ్లే కనిపించేవి, ఐదుకు ఐదూ. ముద్ద దిగేది కాదు.

ఒకరోజు ద్వాళి భర్త లింగ్యా షాపుకొచ్చాడు. తన్నడానికే వచ్చాడనుకున్నాడు ఉపేందర్. తన్నినా బాగుండేది.

"ఏమనుకోకు అన్నా," అన్నాడు లింగ్యా. "మా ఆమె తొందరకు నీ మిషన్‌కు చెడ్డపేరు వచ్చింది."

ఇంకా ఏవేవో చెప్పుకొచ్చాడు. ఆ రోజు ఏ బటన్ ఒత్తిందో ద్వాళికే నమ్మకం లేదట. పొయ్యి ముట్టించదట, పిండి గిర్ని గడప తొక్కదట. తన చెయ్యి తన మాట వినదని, బర్రెను కూడా అమ్మేయమని అంటోందట.

ఉపేందర్ షట్టర్ దించేసి లింగ్యాను బండెక్కించుకున్నాడు. తిన్నగా తండాకు పోనిచ్చాడు.

ద్వాళి వాకిట్లో కూర్చుని ఉంది, చేతిని కొంగులో దాచుకుని. ఉపేందర్ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. మాడిన సర్క్యూట్, మార్చిన ప్రోగ్రాం, నాలుగు సెకన్లు, తాగిన చాయ్, ఏదీ దాచకుండా చెప్పాడు. తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాడు. లింగ్యా పిడికిలి బిగించాడు. ద్వాళి కళ్లతోనే అతన్ని ఆపింది.

"అయితే నేను ఎర్రదే ఒత్తిన్నా, తమ్మీ?"

"ఎర్రదే ఒత్తినవ్ అక్కా. నువ్వు సరిగ్గనే చేసినవ్. నేను మార్చిన, నీకు చెప్పలే."

నెల రోజుల్లో మొదటిసారి ఆమె ఆ చేతిని కొంగులోంచి బయటికి తీసింది. చాలాసేపు దాన్నే చూసుకుంది. ఉపేందర్‌కు ఆ చేతి వంక చూడటం చావులా ఉంది, అయినా చూశాడు. తర్వాత ఆమె లేచి అతన్ని వెంట రమ్మంది. పక్కింటి గుమ్మం ముందు నిలబెట్టి, లోపలున్న వాళ్లను పిలిచింది.

"నాకు చెప్పింది వీళ్లకు చెప్పు. జర గట్టిగ చెప్పు."

చెప్పాడు. తర్వాత ఆ పక్కిల్లు, ఆ తర్వాత మరొకటి. మిషన్‌లో వాటా ఉన్న ప్రతి ఇంటి ముందూ అదే మాట, పక్కన అదే చెయ్యి. ఆరో గుమ్మం దగ్గర చెప్పడం ముగిస్తూనే ఏడ్చేశాడు. ద్వాళి ఆ ఇంట్లోకి వెళ్లి, మిగిలిన మూడు వేళ్లతోనే చెంబు పట్టుకుని నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తాగు తమ్మీ," అంది. "ఇంక మూడిండ్లున్నయ్."