ఖాళీ గడులు

పెదబయలు దాటాక కొండ మీద ఒక రేకుల గది ఉంది. అందులో ఒక మీటరు. ఆకాశం నుంచి రాలే, కంటికి ఆనని కణాల్ని అది లెక్కపెడుతుంది. దేశమంతా పేరున్న మూలవిజ్ఞాన పరిశోధన సంస్థ పెట్టించింది. రెండుపూటలా కొండెక్కి, అంకె చూసి పుస్తకంలో రాయడం కింద ఊళ్ళో ఉండే గాసి పని. తొమ్మిదేళ్ళు జ్వరమొచ్చినా మానలేదు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగ మూడు రోజులు మాత్రం ఎక్కడు. మగాళ్ళంతా వేటకి పోవాలన్నది ఊరి కట్టుబాటు. పుస్తకంలో ఆ రోజుల గడులు ఖాళీగా వదిలేసేవాడు.

ఆ ఖాళీలే కొంప ముంచాయి. సంస్థ నుంచి వచ్చిన శాస్త్రవేత్త మోహన్‌కృష్ణ పుస్తకం తిరగేసి మొహం చిట్లించాడు.

"ముందు రోజుదీ తర్వాతి రోజుదీ చూసి మధ్యలో ఏదో ఒకటి వెయ్యలేకపోయావా?"

"సూడంది ఎలాగ రాస్తాను బాబూ?"

అంతే, పని ఊడింది. బజారులో కొట్టున్న వెంకటరావు కొడుకు రాజేష్‌ని పెట్టుకున్నారు. పని పోయినందుకు కాదు, తన పుస్తకాన్ని తప్పన్నందుకు గాసికి కడుపు మండిపోయింది.

దసరా వానలు వెలిశాక, తప్పిపోయిన ఆవుని వెతుక్కుంటూ కొండెక్కి గదిలోకి తొంగిచూశాడు. మీటరు తీగల్ని చెదలు కొట్టేశాయి. అంకెలు వెలగడం లేదు. రాజేష్ అటు మొహం చూపించి ఎన్నాళ్ళయిందో!

మాఘమాసంలో సంస్థ వాళ్ళు ఊళ్ళో సభ పెట్టారు. పనిలో చేరింది మొదలు ఒక్క గడీ ఖాళీ లేదని మెచ్చుకుంటూ మోహన్‌కృష్ణ రాజేష్‌కి శాలువా కప్పాడు. గాసి ఉండబట్టలేక లేచాడు.

"మీటరు దసరాకే సచ్చిపోయింది బాబూ. రండి, సూపిస్తాను."

మోహన్‌కృష్ణ అతని జబ్బ పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు. "ఆ అంకెలతో వ్యాసం అచ్చుకెళ్ళిపోయింది. నీ పని నీకు తిరిగి ఇప్పిస్తాను, నోరు మూసుకో." నిజం కనిపెట్టడానికే పుట్టిన సంస్థట!

"ఏటకెళ్ళి ఒట్టి సేతుల్తో వస్తే మా ఆడోళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు బాబూ. అయినా సంతలో మాంసం కొనుక్కొచ్చి, ఏటాడినానని సెప్పినోడు మా ఊళ్ళో లేడు. మీ పని నాకొద్దు."

మోహన్‌కృష్ణ నవ్వి జీపెక్కేశాడు. రాజేష్ పనిలోనే ఉన్నాడు.

ఆ ఏడు ఇటుకల పండక్కి గాసి ఒట్టి చేతుల్తోనే కొండ దిగాడు. పెళ్ళాం నూకరత్నం కుండెడు పేడనీళ్ళు నెత్తిన గుమ్మరించి పకపకా నవ్వింది. గాసి ఊరి పక్క గెడ్డ నీళ్ళలో మునిగి లేచాడు. పేడ కడుక్కుంటే పోయింది.