ఊపిరి పరీక్ష

మా నాన్న ఫిజియాలజీ ప్రొఫెసర్. ఊపిరి తీసుకోమని ఒంటికి మెదడు ఎలా చెబుతుందన్నదే ఆయన జీవితమంతా చేసిన పరిశోధన. అమ్మకు అదంటే వేళాకోళం. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా పట్టని మనిషికి ఊళ్లో వాళ్లందరి ఊపిరీ కావాలట, అని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నాతో కన్నా ల్యాబులో గొట్టాలతోనే ఆయనకు చనువెక్కువ.

మొన్న అమ్మ ఉన్నట్టుండి కుప్పకూలింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆస్పత్రిలో మిషనే ఆమె చేత ఊపిరి తీయిస్తోంది. ఒళ్లు వెచ్చగానే ఉంది, గుండె కొట్టుకుంటూనే ఉంది. నిద్రపోతోందనే అనుకున్నాను.

ఇవాళ పొద్దున పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచింది. నాన్న దగ్గర చదువుకున్న మనిషే. మెదడు బతికుందో లేదో తేల్చే పరీక్షలన్నీ అయిపోయాయి, ఇక ఒక్కటే మిగిలిందని చెప్పింది. ఆక్సిజన్ అందేలా ఉంచి మిషను ఆపుతారు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, మెదడు అడుగుభాగంలో ఏ కాస్త ప్రాణం ఉన్నా ఊపిరి తీసుకోమని తొందరపెడుతుంది. అమ్మ ఒక్క ఊపిరి తీస్తే ఆశ ఉన్నట్టే. లేకపోతే అమ్మ ఇక లేనట్టే. చెబుతున్నంతసేపూ ఆవిడ తలెత్తి నాన్నను చూడలేకపోయింది. ఆ పాఠం ఆమెకు చెప్పింది ఆయనే మరి. ఏదో ఒకటి చెప్పండి, మీకు తెలియనిదా అని నాన్నను నిలదీశాను.

బయట కూర్చోమంటే ఇద్దరం వినలేదు.

మిషను ఆపారు. మొన్నటినుంచీ చెవుల్లో హోరెత్తిన చప్పుడు పోయి గది బావురుమంది. డాక్టరు అమ్మ ఛాతీ వైపే చూస్తూ నిలబడింది. నాకు చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను. తీసుకో అమ్మా, ఒక్కటంటే ఒక్కటి, అని లోలోపలే కాళ్లావేళ్లా పడ్డాను.

ఎంతసేపయిందో తెలియదు. నీళ్లలోంచి పైకి తేలిన మనిషి తీసినట్టు, పక్కనే పెద్దగా ఊపిరి తీసిన చప్పుడైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న భుజం పట్టుకుని కుదిపేశాను.

"విన్నారా నాన్నా? అమ్మ ఊపిరి తీసింది."

డాక్టరు అమ్మ మీది నుంచి చూపు తిప్పలేదు. నాన్న ముఖం కందిపోయి ఉంది.

"అది నాదమ్మా," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"మీ అమ్మ తీసుకున్నాకే తీసుకుందామని బిగబట్టాను," అన్నారు నాన్న. "నా మెదడు ఒప్పుకోలేదు."